చాక్‌పీసు పొడి, పళ్లెం నీళ్లు: చిన్నపిల్లలతో రంగుల అచ్చులు తీయించడం ఎలా

నీళ్ల మీద చాక్‌పీసు పొడి చల్లి, దాని మీద కాగితం పరిచి ఎత్తితే రంగు కాగితానికి అంటుకుని వస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయబోతే మాత్రం చాలామందికి పొడి అడుగుకు పోతుంది, లేదంటే కాగితం మీద బురద మరక మిగులుతుంది. అంగన్‌వాడీ టీచర్లు, ఇంటి దగ్గర పిల్లల్ని చూసుకునే అమ్మలు, నాయనమ్మలు మళ్లీ మళ్లీ అడిగేది కూడా "మాకెందుకు వస్తలేదు?" అనే.

కాగితం పరిచేటప్పుడు జరిగే తప్పులు తక్కువ. పొడి గీకేటప్పుడో, పళ్లెం కడిగేటప్పుడో పని చెడిపోయి ఉంటుంది. అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు ఏర్పాట్లకే ఇచ్చాం. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల పిల్లల దాకా ఇది పనికొస్తుంది. ఏ వయసువాళ్లకు ఏ పని అప్పజెప్పాలో వరుసలో చెప్తాం.

1. పొడి ఎందుకు తేలుతుంది

బడిలో వాడే చాక్‌పీసు ఎక్కువగా జిప్సంతో చేస్తారు. కొన్ని రకాలు కాల్షియం కార్బోనేట్‌తో వస్తాయి. రెండూ నీటికంటే రెండింతలకు పైగా బరువైనవే. అంటే చాక్‌పీసు తేలే వస్తువు కాదు. మరి పొడి తేలేది నీటి తలతన్యత వల్ల. నీటి పైభాగం బిగదీసిన పొరలా ఉంటుంది. రేణువు సన్నగా, పొడిగా ఉంటే ఆ పొర దాన్ని మోస్తుంది. రేణువు లావైతే పొర మోయలేదు.

ఆ పొరను మూడు చెడగొడతాయి: ముతక పొడి, సబ్బు లేదా నూనె జిడ్డు, కదులుతున్న నీళ్లు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఈ మూడింటి చుట్టూనే తిరుగుతాయి.

2. కావలసిన సామాను

నలుగురు పిల్లలకు, ఒక పళ్లేనికి సరిపడా:

- మామూలు రంగు చాక్‌పీసులు: మూడు రంగులు, రంగుకు రెండు
- పొడి జల్లడానికి చాయ్ జాలి: ఒకటి. స్టీలుదైతే మంచిది
- అంచు ఎత్తుగా ఉన్న పళ్లెం, తాంబాళం లేదా ప్లాస్టిక్ ట్రే: ఒకటి
- డ్రాయింగ్ కాగితాలు, ఏ4 సైజును సగానికి కోసినవి: పిల్లకు మూడు
- పాత న్యూస్‌పేపర్లు: పది పన్నెండు తావులు
- చీపురు పుల్లలు: నాలుగు
- తడి గుడ్డలు: రెండు
- ఖాళీ బకెట్: ఒకటి
- పొడి పోసుకోవడానికి కాగితపు పొట్లాలు లేదా చిన్న గిన్నెలు: మూడు

పళ్లెం సైజు ముందే చూసుకోండి. సగం ఏ4 కాగితం సుమారు 15 సెంటీమీటర్లు ఇంటూ 21. ఒక మూల నుంచి ఎదురు మూలకు దాదాపు 26 సెంటీమీటర్లు. 14 అంగుళాల గుండ్రటి తాంబాళం అంటే సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు కాబట్టి చుట్టూ వేళ్లు ఆడే జాగా మిగులుతుంది. పూర్తి ఏ4 కాగితం మూల నుంచి మూలకు 36 సెంటీమీటర్లు దాటుతుంది, అందులో పట్టదు. అంచులకు తగిలి మూలలు మడతపడిన కాగితం మీద అచ్చు ఎప్పుడూ సగమే వస్తుంది.

కాగితం సంగతి. జిరాక్స్ కాగితం తడవగానే మెత్తబడి చిన్న చేతుల్లో చిరిగిపోతుంది. డ్రాయింగ్ పుస్తకంలోని మందపాటి కాగితం సరిగ్గా సరిపోతుంది. నున్నగా మెరిసే కాగితం మీద పొడి నిలవదు, నీటితోపాటు జారిపోతుంది. క్యాలెండర్ షీట్లు పనికిరానిది అందుకే. చార్టుకు ఒకవైపు మెరుపు ఉంటే రెండోవైపు వాడండి. ఖర్చు లేకుండా కావాలంటే పాత పెండ్లి పత్రికలు వెతకండి. లోపలి వైపు గరుకుగా, ఖాళీగా ఉన్నవి చాలా బాగా పట్టుకుంటాయి.

ఒక హెచ్చరిక. చీమలకు, బొద్దింకలకు గీసే మందు చాక్‌పీసు చూడటానికి బడి చాక్‌పీసులాగే ఉంటుంది. అది పురుగుల మందు. ఇంట్లో అది ఉంటే పిల్లలు పని మొదలుపెట్టకముందే ఎత్తుగా, వేరే చోట పెట్టండి. డబ్బా లేకుండా విడిగా దొరికిన తెల్ల ముక్క ఏదైనా సరే, ఏమిటో తెలియకపోతే వాడొద్దు.

3. చాక్‌పీసు ఎంపిక

దుమ్ము రాలదని అమ్మే ఖరీదైన చాక్‌పీసు ఈ పనికి పనికిరాదు. దాని రేణువులు బరువుగా ఉండి గాల్లోకి లేవకుండా కిందపడేలా చేస్తారు. నీళ్లలోనూ అంతే, మునిగిపోతుంది. చేతికి పొడి అంటే చవక చాక్‌పీసే ఇక్కడ సరైనది.

రంగులు తెల్లకాగితం మీద లేతగా వస్తాయని ముందే తెలుసుకోండి. నీలం, ఎరుపు, ఆకుపచ్చ కనిపిస్తాయి. పసుపు, తెలుపు కనిపించవు. ఆ రెండింటికీ నల్ల చార్టు వాడితే అదిరిపోతుంది. చాలామంది వీటిని పనికిరానివని పక్కన పడేస్తారు, అది తొందరపాటు.

మూడు రంగులకు మించొద్దు. ఐదారు రంగులు చల్లితే అన్నీ కలిసి బూడిద రంగులోకి దిగుతాయి. ఏ మూడు అని తోచకపోతే పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే చేనేత గుడ్డ చూడండి. ఎరుపు, నలుపు, తెలుపుతోనే ఎంత నిండుగా ఉంటుందో! నల్ల చాక్‌పీసు బజార్లో దొరకడం కష్టం కాబట్టి ఆ రంగుకు కట్టెల పొయ్యిలో మిగిలిన బొగ్గు గీకి వాడుకోవచ్చు. బొగ్గు పొడి చాక్‌పీసుకంటే తేలిగ్గా తేలుతుంది. కాకపోతే బట్టలకు అంటితే వదలదు, ఐదేళ్లు దాటిన పిల్లలకే ఇవ్వండి.

ముగ్గులో వేసే రంగుపొడి వాడొచ్చా అని అడుగుతుంటారు. వద్దు. అది ముతకగా ఉంటుంది, చల్లిన వెంటనే అడుగుకు పోతుంది, పైగా అందులోని రంగు పిల్లల చేతులకు పట్టుకుంటుంది.

వానాకాలంలో చాక్‌పీసుకు చెమ్మ పడుతుంది. గీకితే పొడి రాలకుండా ముద్దగా ఊడివస్తే చెమ్మ ఉన్నట్టే. పొద్దున రెండు గంటలు ఎండలో పెట్టండి.

4. పొడి తయారీ

ఈ పనిలో ముఖ్యమైన అడుగు ఇదే. రోట్లో వేసి దంచకండి. దంచిన పొడిలో సన్నవి, లావువి, పెంకుల్లాంటివి అన్నీ కలిసి ఉంటాయి. లావువి మునిగేటప్పుడు చుట్టూ ఉన్న సన్న పొడిని కూడా లాక్కుపోతాయి.

రెండు పద్ధతులు నమ్మకమైనవి.

మొదటిది, చాయ్ జాలి. జాలిని బోర్లించి, దాని మీద చాక్‌పీసును అటూ ఇటూ రుద్దాలి. కింద కాగితం మీద మెత్తటి పొడి రాలుతుంది. ఎక్కువ ఒత్తిడి వద్దు. ఒత్తితే ముక్కలు తెగి పడతాయి, జాలి కూడా వంగిపోతుంది. నాలుగేళ్ల పిల్ల కూడా దీన్ని చేయగలదు.

రెండోది, చెంచా. స్టీలు చెంచా అంచుతో చాక్‌పీసును ఒకే దిక్కున, పై నుంచి కిందికి గీకాలి. ఇది పెద్దవాళ్లు ముందే చేసి పెట్టుకోవడానికి బాగుంటుంది. బ్లేడు, చాకు మాత్రం పిల్లలున్న చోటికి తేవద్దు, వాటి అవసరమే లేదు.

అర చాక్‌పీసు గీకితే అటూ ఇటూగా ఒక టీ చెంచా పొడి వస్తుంది. ఒక అచ్చుకు రంగుకు పావు చెంచా చాలు. ఈ లెక్కన నలుగురు పిల్లలు తలా మూడు అచ్చులు తీయాలంటే ఒక్కో రంగుకు మూడు చెంచాలు, అంటే రంగుకు చాక్‌పీసున్నర. మిగిలిన అర ముక్క పిల్లలు చేత్తో గీకి చూడటానికి ఉంచండి.

ఏ పద్ధతిలో చేసినా చివర ఒకసారి జాలిలో పోసి మెల్లగా తట్టండి. పైన మిగిలిన ముతకను తీసేయండి. వేలి మధ్య నలిపితే గరుకు తగలకుండా టాల్కం పౌడర్‌లా జారాలి, అప్పుడు అది సిద్ధం.

పొడి ముక్కులోకి పోకుండా చూడాలి. ఆయాసం, ఉబ్బసం ఉన్న పిల్లలతో గీకే పని చేయించొద్దు. వాళ్లకు తయారైన పొడి ఇచ్చి, కాగితం పరిచే పని అప్పజెప్పండి. గీకే పెద్దవాళ్లు ముక్కుకు దస్తీ కట్టుకోవడం మంచిది. పొడిని నోటితో ఊదొద్దని పిల్లలకు ముందే చెప్పండి. చెప్పకపోతే ఎవరో ఒకరు తప్పకుండా ఊదుతారు.

5. పళ్లెం, నీళ్లు

పళ్లేన్ని సబ్బుతో కడిగి ఉంటే మూడుసార్లు మంచినీళ్లతో తొలవండి. కంటికి కనిపించని సబ్బు జాడ కూడా పొడిని నిలవనివ్వదు. కూర వండిన గిన్నె, నూనె జిడ్డు ఉన్న తాంబాళం వద్దు. పిల్లల చేతుల సంగతీ అంతే. తలకు కొబ్బరినూనె రాసుకుని అదే చేతులు నీళ్లలో పెడితే పొడి పక్కలకు పారిపోతుంది. చేతులు సబ్బుతో కడిగించి, తర్వాత ఉత్త నీళ్లతో బాగా తొలిపించి, తుడిపించండి.

నీళ్లు మూడు సెంటీమీటర్ల లోతు, అంటే సుమారు రెండు వేళ్ల మందం పోస్తే చాలు. 14 అంగుళాల తాంబాళానికి ఇది దగ్గరదగ్గర మూడు లీటర్లు. తాంబాళం అంచు మూడు సెంటీమీటర్లకంటే ఎత్తు లేకపోతే రెండు సెంటీమీటర్లే పోయండి, నడుస్తుంది.

తాగే నీళ్లు ఖర్చుపెట్టక్కర్లేదు, బోరు నీళ్లు చాలు. పొడి ఉప్పదనాన్ని పట్టించుకోదు. కానీ నల్ల చార్టు మీద అచ్చు తీసేటట్టయితే నల్లా నీళ్లే వాడండి. మన దిక్కు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ, ఆరిన తర్వాత నల్ల కాగితం మీద తెల్లటి చారలు దిగుతాయి. అచ్చు బాగా రాలేదని పిల్లలు అనుకుంటారు, తప్పు నీళ్లది.

పోసిన తర్వాత నీళ్లను కదలకుండా వదిలేయండి. పళ్లెంలో పై కప్పు నీడ వణకకుండా కనిపించే దాకా ఆగాలి. ఒక నిమిషం చాలు.

నీళ్లున్న పళ్లెం దగ్గర మూడేళ్ల పిల్లను ఒంటరిగా వదలొద్దు. రెండు వేళ్ల లోతు నీళ్లు కూడా చిన్నపిల్లకు ప్రమాదమే. ఫోన్ మోగినా, గడపలో ఎవరైనా పిలిచినా పిల్లను వెంటబెట్టుకుని లేవండి. బకెట్ కూడా పని లేనప్పుడు బోర్లించి ఉంచండి.

6. ఎక్కడ, ఎప్పుడు

గాలి ఆడని చోటు కావాలి. సీలింగ్ ఫ్యాను ఆపండి, కూలర్ మూతిని అటు తిప్పండి. వరండాలో చేసేటట్టయితే పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య గాలి తక్కువగా ఉంటుంది. ఆషాఢం గాలులప్పుడు బయట అస్సలు కుదరదు, లోపల తలుపు దగ్గరేసి చేయండి.

తాండూరు బండలు, షాబాదు బండలు పరిచిన ఇంట్లో తడి చాక్‌పీసు నీళ్లు పడితే కాలు జర్రున జారుతుంది. పళ్లెం కింద, పిల్లలు కూర్చునే చోట రెండు వరసలు న్యూస్‌పేపరు వేయండి. బల్ల మీదకంటే కింద కూర్చుని చేయడం చిన్నవాళ్లకు సుఖం. మోచేయి తగిలి పళ్లెం ఒలకదు.

మొదలుపెట్టే ముందు ఒకసారి చూసుకోండి:

- ఫ్యాను ఆగింది
- పొడి మూడు గిన్నెల్లో, పళ్లేనికి దూరంగా ఉంది
- పిల్లల చేతులు కడిగి, తుడిచి ఉన్నాయి
- ప్రతి కాగితం వెనక పెన్సిల్‌తో పేరు రాసి ఉంది
- ఆరబెట్టే చోట న్యూస్‌పేపరు పరిచి ఉంది
- తడి గుడ్డ చేతికి అందేలా ఉంది

పేరు ముందే రాయాలి, తడి కాగితం మీద పెన్సిల్ పారదు. స్కెచ్ పెన్నుతో రాస్తే సిరా నీళ్లలోకి దిగి అందరి అచ్చులూ పాడవుతాయి.

7. అచ్చు తీసే వరుస

మొదటి అడుగు: చల్లడం. చాయ్ జాలిలో పావు చెంచా పొడి వేసి, నీళ్లకు జానెడు ఎత్తులో పట్టి, అంచు మీద వేలితో మెల్లగా తట్టాలి. పొడి మంచులా రాలి నీళ్ల మీద పలుచగా పరుచుకుంటుంది. ఒకేచోట కుప్ప పడకుండా జాలిని జరుపుతూ ఉండాలి. చేత్తో చిటికెలు వేసి చల్లితే ముద్దలు పడి మునుగుతాయి. మూడేళ్లవాళ్ల చేయి మీద మీ చేయి పెట్టి తట్టించండి. ఐదేళ్లు దాటినవాళ్లు సొంతంగా చేస్తారు.

రెండో అడుగు: మిగతా రంగులు. మొదటి రంగు పడిన చోటే పడకుండా ఖాళీల్లో చల్లండి. నీళ్లు అక్కడక్కడ కనిపించాలి. పూర్తిగా కప్పేస్తే అచ్చులో ఒకే మరక వస్తుంది, ఖాళీ ఉంటేనే ఆకారం కనిపిస్తుంది.

మూడో అడుగు: గీతలు. చీపురు పుల్ల కొసను నీటి పై పొరకు తాకించి ఒకటి, మహా అయితే రెండు గీతలు లాగాలి. పుల్ల లోపలికి దిగకూడదు. పిల్లలకు ఇది చాలా ఇష్టమైన అడుగు, ఆపకపోతే తిప్పుతూనే ఉంటారు. తిప్పితే పొర తెగి పొడి మునుగుతుంది. "ఒక్క గీత, తర్వాత పుల్ల కింద" అని ముందే మాట తీసుకోండి.

నాలుగో అడుగు: పరచడం. చల్లిన తర్వాత అర నిమిషం లోపే కాగితం పరచాలి. ఆలస్యమైతే పొడి తడిసి దిగడం మొదలవుతుంది. కాగితాన్ని రెండు చేతులతో ఎదురెదురు అంచులు పట్టుకోవాలి. మధ్యభాగం ఉయ్యాలలా కిందికి వేలాడాలి. ఆ మధ్యభాగాన్ని ముందు నీళ్లకు తాకించి, తర్వాత రెండు అంచులనూ ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా వదలాలి. ఇలా చేస్తే కింద ఉన్న గాలి పక్కలకు వెళ్లిపోతుంది. కాగితాన్ని ఒక్కసారిగా బల్లపరుపుగా వేస్తే మధ్యలో గాలి బుడగ చిక్కి, అక్కడ రంగు లేకుండా గుండ్రటి తెల్ల మచ్చ మిగులుతుంది. కాగితాన్ని పై నుంచి పడేయకూడదు. పడేస్తే నీళ్లు కదిలి పొడి అంచులకు పోతుంది.

పిల్లలకు దీన్ని ముందు పొడి నేల మీద, నీళ్లు లేకుండా రెండుసార్లు అలవాటు చేయించండి. ఈ కొద్దిపాటి సాధన మిగతా పనంతా తేలిక చేస్తుంది.

ఐదో అడుగు: ఆగడం. ఒకటి నుంచి ఐదు దాకా లెక్క పెట్టాలి, అందరూ కలిసి పైకి లెక్కపెడితే ఇంకా బాగుంటుంది. కాగితాన్ని నొక్కొద్దు, వేలితో రాయొద్దు. ఐదు దాటితే కాగితం నీళ్లు తాగి బరువెక్కుతుంది, మునుగుతుంది కూడా.

ఆరో అడుగు: ఎత్తడం. దగ్గరి అంచు రెండు మూలలు పట్టుకుని, అవతలి వైపుకు ఒరిగేలా మెల్లగా ఎత్తాలి. ఒక మూల నుంచి నీళ్లు కారనివ్వాలి, మళ్లీ ఐదు లెక్కపెట్టండి. ఊపొద్దు, విదల్చొద్దు. తర్వాత రంగు వైపు పైకి వచ్చేలా న్యూస్‌పేపరు మీద పడుకోబెట్టాలి. ఎత్తే పని పిల్లలతోనే చేయించండి. కాగితాన్ని తిప్పి చూసుకున్నప్పుడు వాళ్ల మొహంలో కనిపించే సంతోషం కోసమే కదా ఇదంతా. పెద్దవాళ్లు తొందరపడి చేతిలోంచి లాక్కోవద్దు.

ఏడో అడుగు: నీళ్లు శుభ్రం చేయడం. న్యూస్‌పేపరును పళ్లెం వెడల్పంత పట్టీగా చించి, దాని అంచును నీటి పైన ఒక చివర నుంచి ఇంకో చివరకు లాగితే మిగిలిన పొడి దానితో వచ్చేస్తుంది. ప్రతి అచ్చు తర్వాత ఇలా చేయాలి. ఎనిమిది పది అచ్చుల తర్వాత నీళ్లు పాలవుతాయి, అప్పుడు మార్చండి.

ఒక పళ్లెం దగ్గర నలుగురికి మించి పిల్లలను కూర్చోబెట్టొద్దు. ఒకరు అచ్చు తీస్తుంటే ఇంకొకరు పొడి గీకాలి, మూడోవాళ్లు ఆరబెట్టే చోట కాగితాలు సర్దాలి, నాలుగోవాళ్లు లెక్కపెట్టాలి. ఖాళీగా ఉన్న పిల్లే నీళ్లలో చేయి పెడుతుంది.

8. ఆరబెట్టడం, రంగు రాలకుండా చూడటం

తీగకు వేలాడదీయొద్దు. తడి మీద ఉండగా వేలాడితే పొడి కిందికి కారుతుంది. నీడలో, గాలి లేని చోట బల్లపరుపుగా ఉంచాలి. ఎండాకాలంలో అరగంట నుంచి గంటలో ఆరుతుంది. వానాకాలంలో మూడు నాలుగు గంటలు పడుతుంది, ముసురు రోజైతే ఇంకా ఎక్కువ. తొందరపడి ఎండలో పెడితే కాగితం అప్పడంలా ముడుచుకుంటుంది.

పూర్తిగా ఆరిన తర్వాత కాగితాన్ని నిలబెట్టి వెనక నుంచి ఒకసారి తట్టండి, అదనపు పొడి రాలిపోతుంది. మిగిలింది కూడా చేత్తో రుద్దితే వస్తుంది, అందులో జిగురేమీ లేదు కదా. నిలవాలంటే పల్చటి గంజి చల్లాలి.

ఒక చెంచా గంజికి నాలుగు చెంచాల నీళ్లు కలిపి, సన్నటి గుడ్డలో వడగట్టి, స్ప్రే సీసాలో పోసుకోండి. చీరకు పెట్టే గంజికంటే ఇది బాగా పల్చన. వడగట్టకపోతే సీసా మూతి మూసుకుపోతుంది. అడుగు దూరం నుంచి, కాగితానికి నేరుగా కాక పై గాల్లోకి కొడితే తుంపర దానంతటదే అచ్చు మీద వాలుతుంది. ఒక పొర ఆరిన తర్వాత ఇంకో పొర. కుంచెతో పూయొద్దు, అచ్చంతా చెరిగిపోతుంది. గంజి అదే రోజు వాడేయండి, మర్నాటికి పులుస్తుంది.

ఆరాక వంపులు తిరిగితే రెండు తెల్ల కాగితాల మధ్య పెట్టి, లావు పుస్తకాల కింద ఒక రాత్రి ఉంచండి.

9. తప్పెక్కడ జరిగింది?

పొడి చల్లగానే మునిగిపోతోంది. ముతకగా ఉంది, లేదా చెమ్మ పట్టింది. మళ్లీ జల్లించండి. జాలిని మరీ ఎత్తు నుంచి పట్టినా, మరీ దగ్గర పట్టి దులిపినా ఇదే జరుగుతుంది.

పొడి మధ్య నుంచి అంచులకు పరుగెత్తుతోంది. నీళ్లలో సబ్బు గానీ నూనె గానీ ఉంది. పైన తుడిస్తే పోదు. నీళ్లు పారబోసి, పళ్లెం తొలిచి, మళ్లీ పట్టాలి.

అచ్చు లేతగా ఉంది. పొడి తక్కువైంది, లేదా రంగు లేతది. పొడిని అర చెంచాకు పెంచండి. నీళ్లలో తినే రంగు కలిపితే ముదురు వస్తుందని కొందరు కలుపుతారు. అప్పుడు కాగితం మొత్తం ఒకే రంగుకు మారి ఆకారాలు పోతాయి.

అంతా బూడిద రంగు. రంగులు ఎక్కువయ్యాయి, పుల్ల ఎక్కువ తిప్పారు, లేదా నీళ్లు మార్చలేదు.

చారలు చారలుగా వచ్చింది. ఎత్తేటప్పుడు కాగితం పక్కకు జరిగింది. నీళ్ల మీద ఈడ్చకుండా అంచు పట్టి నిటారుగా లేపించండి.

కాగితం చిరిగింది. పల్చటి కాగితం, లేదా ఎక్కువసేపు నీళ్లలో ఉంది. ఒకే మూల పట్టుకుని లాగినా చిరుగుతుంది.

ఆరిన తర్వాత రంగు మొత్తం రాలింది. నున్నటి వైపు అచ్చు తీశారు. ఆ కాగితాన్ని గంజితో కాపాడలేరు, ఇంకోటి తీయడమే.

10. చేయి తిరిగాక చేయదగినవి

టేపు ఆకారాలు. కాగితం మీద మాస్కింగ్ టేపుతో పిల్ల పేరులో మొదటి అక్షరమో, ఇల్లో, చెట్టో అతికించి అచ్చు తీయండి. టేపు కింద రంగు అంటదు. పూర్తిగా ఆరాకే టేపు తీయాలి. తడి మీద తీస్తే కాగితం పొర లేచివస్తుంది. పారదర్శకంగా ఉండే మామూలు టేపు వద్దు, ఎప్పుడు తీసినా చింపేస్తుంది.

నూనె అచ్చు. ఒక టీ చెంచా పొడిలో ఒక టీ చెంచా పల్లి నూనె కలిపి, ఆ చిక్కటి రంగును చెంచాతో బొట్లుబొట్లుగా నీళ్ల మీద వదలాలి. నూనె తేలుతూ రంగును మోస్తుంది, గుండ్రటి మచ్చలు పడతాయి. ఆరడానికి ఒక రోజు పడుతుంది, కాగితం వెనక జిడ్డు మరక కనిపిస్తుంది. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుంది కాబట్టి దానితో కుదరదు. ఈ రకాన్ని అన్నిటికంటే చివర చేయండి, నూనె పడిన నీళ్లలో మామూలు అచ్చు రాదు.

సబ్బు వేలు. అచ్చులన్నీ అయిపోయాక మిగిలిన నీళ్లలో కొత్తగా పొడి చల్లి, ఒక పిల్ల చేత వేలి కొసకు కొంచెం సబ్బు రాయించి మధ్యలో తాకించండి. తాకిన చోట నుంచి పొడి క్షణంలో విచ్చుకుని అంచులకు చేరుతుంది, మధ్యలో గుండ్రంగా తేట నీళ్లు మిగులుతాయి. సబ్బు అక్కడి పొర బిగువు తగ్గించింది, చుట్టూ ఉన్న పొర పొడిని తనవైపు లాక్కుంది. మూడో తరగతి పిల్లలకు తలతన్యతను దీనికంటే బాగా చూపించే మార్గం లేదు. ఆ నీళ్లు ఇక అచ్చుకు పనికిరావు.

11. నీళ్లకు కరువైన చోట: పలక అచ్చు

పళ్లెం నీళ్లు కూడా ఇబ్బందే అనుకునే వేసవి రోజుల్లో, లేదా రెండేళ్లు దాటిన చిన్నారులతో చేయించాలంటే, పలక ఉంటే చాలు.

పలక మీద చాక్‌పీసును అడ్డంగా పట్టి మందంగా రుద్దాలి. గీతలు గీస్తే సరిపోదు, పొడి పేరుకోవాలి. డ్రాయింగ్ కాగితాన్ని తడి గుడ్డతో ఒకవైపు అద్దండి. తడి కనిపించాలి గానీ మెరవకూడదు. మెరిస్తే పొడి గుడ్డతో ఒకసారి ఒత్తి తీయండి. తడివైపు కిందికి పెట్టి, పలక మీద కదలకుండా పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు ఒత్తుకుంటూ వెళ్లాలి. పది లెక్కపెట్టి ఒక మూల నుంచి ఒలిచినట్టు ఎత్తాలి.

ఈ అచ్చు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తుంది. అక్షరాలు రాయించేటట్టయితే ఇది గుర్తుంచుకోండి, లేదంటే పిల్ల తన పేరు తప్పు రాసిందని బాధపడుతుంది. పూలు, ఆకులు, బతుకమ్మ లాంటి గుండ్రటి బొమ్మలైతే తిరగబడినా తేడా తెలియదు.

12. సర్దడం

పళ్లెంలోని నీళ్లను వాష్‌బేసిన్‌లో పోయొద్దు. పొడి గొట్టంలో పేరుకుంటుంది. బకెట్‌లో పోసి, పిల్లల చేతికి అందని చోట అరగంట కదలకుండా ఉంచితే పొడి అడుగుకు దిగుతుంది. పై నీళ్లు వాకిట్లో చల్లేయండి. అడుగు బురదను న్యూస్‌పేపరులో వేసి, ఆరనిచ్చి చెత్తలో పడేయండి. నూనె అచ్చు నీళ్లు, సబ్బు నీళ్లు మొక్కలకు పోయొద్దు.

నేల మీది పొడిని చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేస్తుంది. ముందు తడి గుడ్డతో తుడిచి, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. పిల్లల చేతులు, మొహం కడిగించి, ముక్కు చీదించండి. బట్టల మీది పొడిని తడపకముందే దులిపితే మరక పడదు. మిగిలిన పొడిని రంగు రంగుకు వేరే పొట్లం కట్టి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో పెడితే వానాకాలంలో కూడా చెమ్మ పట్టకుండా ఉంటుంది.